ఆ తొమ్మిది రోజులు

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ నీ కోడలు క్షేమం, ఇల్లు క్షేమం. ‘నేనూ క్షేమమే’ అని అలవాటుకొద్దీ రాయబోయి కలం ఆపాను. ఆ సంగతి కిందికి చదువుతూ వెళ్తే నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ, అక్కా, బావా కులాసాగా ఉన్నారనీ, మెట్లు దిగేటప్పుడు మొండికి పోకుండా గోడ పట్టుకునే దిగుతున్నావనీ అనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. కళ్లజోడు కనపడలేదని అక్క చేతికిచ్చి చదివించుకోకు. నీ చెవికెక్కేలా అక్క చదివిందంటే ఎదురింటివాళ్లు కూడా కిటికీ దగ్గర చేరి వింటారు. నాకు గొంతు పోయింది, నీకు వినికిడి పోయింది. ఫోను పట్టుకుని ఇద్దరం ‘ఆఁ? ఏంటీ?’ అనుకోవడం కన్నా రాసుకోవడమే మేలని నువ్వే అన్నావు. ఆ మేలు ఇవాళ నాకు బాగా పనికొస్తోంది. నీ ఎదురుగా కూర్చుని అయితే ఇదంతా చెప్పగలిగేవాణ్ని కాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ కోడలి బొటనవేలి గాయం మానింది. కళ్లజోళ్ల షాపులో అద్దం అంచు అరగదీస్తుంటే చెయ్యి జారి తెగింది. కుట్లు విప్పేశారు, పనికి వెళ్తోంది. నేను ఇంకా లిఫ్టు గుంటల్లోకి దిగుతున్నానా అని అడిగావు. దిగడం లేదు. మూడు నెలలుగా నన్ను వర్క్‌షాపులోనే కూర్చోబెట్టారు. తలుపు తాళాలూ బ్రేకులూ బల్ల మీదికి వస్తాయి, విప్పి, తుడిచి, నూనె పెట్టి బిగిస్తాను. ఇరవై ఆరేళ్లు లిఫ్టు నెత్తి మీద నిలబడి పైకీ కిందికీ తిరిగినవాణ్ని కుర్చీలో పడేస్తే మొదట్లో నడుము ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటోంది. అదే నాకు నచ్చడం లేదు.

‘నీ అక్షరాలకేం తెగులొచ్చిందిరా, బెల్లం డబ్బా మూత తీస్తే చెదిరిన చీమల్లా ఉన్నాయి’ అని రాశావు. ఎడమవైపు మెడ బిగుసుకుపోయి భుజం దాకా లాగుతోంది. నువ్వు ఎన్ని దెబ్బలు వేసినా మానని ఎడమచేతి రాత కదా నాది, అందుకని చీమలు అలా పారిపోతున్నాయి.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. ఒకటి, మెడ మీది గడ్డ ఏమైందని. రెండోది నువ్వు ఉత్తరం చివర, కాగితం అంచులో, చిన్న అక్షరాలతో రాసినది. ‘రెండేళ్లుగా నీ ఉత్తరాలు టెలిగ్రాముల్లా ఉంటున్నాయి. నేనేం తప్పు చేశానురా?’ అని. దానికీ జవాబు రాస్తాను. కానీ మొదటిది చెప్పకుండా రెండోది చెప్పలేను.

నీకు సెగగడ్డ అని చెప్పమని అక్కతో నేనే అన్నాను. సెగగడ్డ కాదమ్మా. ఆ గొంతు జబ్బే. మళ్లీ వచ్చింది.

గడ్డం గీసుకుంటుంటే దవడ కింద శనగగింజంత తగిలింది. రెండుసార్లు తడిమి చూసుకుని, మిగతా గడ్డం కూడా గీసుకుని, పనికి వెళ్లిపోయాను. నెల తిరిగేసరికి చింతగింజంత అయింది. నొప్పి లేదు. నొప్పి పెడితే కొంచెం ధైర్యంగా ఉండేదేమో. మా పనిలో కూడా చప్పుడు చేసే మోటారుని చూసి ఎవరూ భయపడరు. చప్పుడు లేకుండా పగిలేవాటితోనే ప్రమాదం. సూది పెట్టి కొంచెం ముక్క తీశారు, పరీక్షకి పంపారు, వారం తర్వాత కాగితం ఇచ్చారు. కోసి తీసేయడం కుదరదన్నాడు సర్జను. మెడలో తలకి రక్తం మోసుకెళ్లే పెద్ద నాళం ఉంటుందట. ఈ గడ్డ ఒక పక్కనుంచి దాన్ని ఆనుకుని కూర్చుంది. "అక్కడ కత్తి పెడితే..." అని ఆగి, ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాడు.

అక్కణ్ణుంచి మమ్మల్ని ఇంకో డాక్టరు దగ్గరికి పంపారు. నువ్వు ‘కరెంటు పెట్టడం’ అంటావు చూడు, ఆ రేడియేషన్ డాక్టరు. యాభై ఏళ్లావిడ. తొందరపడి మాట్లాడదు. ఏం చెప్పినా ముందు కాగితం మీద బొమ్మ గీస్తుంది. నేను గొణిగితే ముందుకి వంగి వింటుంది, ‘మళ్లీ చెప్పండి’ అని విసుక్కోదు.

"అప్పట్లో మీకిచ్చింది గది గోడలన్నిటికీ సున్నం వేయడం లాంటిది. ఇప్పుడు నేననేది వేరు. గోడ మీద ఒక్క మచ్చ ఉంది. నాలుగు వైపులనుంచీ గురిపెట్టి, ఆ మచ్చ మీదే సన్నటి కుంచెతో వేస్తాం. ఐదుసార్లు చాలు. కానీ ఒక్కోసారీ మోతాదు ఎక్కువ. అందుకే మీరు వెంట్రుకవాసి కూడా కదలకూడదు," అంది.

నీ కోడలి ముఖం వెలిగింది. నాకూ కాస్త ఊపిరి ఆడింది. అప్పుడు ఆవిడ కలం తెరిచి అడిగింది. "మొదటిసారి ఎన్ని విడతలు తీసుకున్నారు?"

గొంతు పోయిన దగ్గర్నుంచి బయట నా తరఫున మాట్లాడేది నీ కోడలే. "ముప్పై మూడండి. ఒక్కటి కూడా మానలేదు. నోరంతా పుళ్లు పడినా వెళ్లొచ్చారు," అంది. చెప్తున్నప్పుడు తన గొంతులో నా గురించి గర్వం ఉంది. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను తలూపాను.

అంతే. నోటితో ఒక్క మాట అనలేదు. తలూపానంతే.

ఆవిడ రాసుకుని, చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చుంది. "ముప్పై మూడూ పడి ఉంటే ఆ నాళం గోడ తట్టుకోగలిగినంతా అప్పుడే తట్టుకుంది. దాని మీద మళ్లీ ఇంత మోతాదు వేయడానికి నాకు చెయ్యి రాదు. పాత రికార్డులు తెప్పించి చూస్తాను," అంది. రికార్డులు రాలేదమ్మా. ఆ మొదటి ఆసుపత్రి మూతపడింది. కాగితాలు దాచిన నేలమాళిగలోకి వాన నీళ్లు చేరి అన్నీ ముద్దయిపోయాయట. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఆ సంగతి చెప్పి, "ఇక మీ మాటే మాకు రికార్డు. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది చేయించుకోమని నేను సలహా ఇవ్వలేను. మాత్రలతో నెట్టుకొద్దాం," అంది. ఎన్నాళ్లు నెట్టుకురావచ్చో నీ కోడలు అడగలేదు. నేనూ అడగలేదు. గుమ్మం దాటాక చూస్తే తన చేతిలో ఫైలు తలకిందులుగా ఉంది.

ఆ రోజునుంచి పదకొండు రోజులు నేను నోరు మూసుకుని ఉన్నాను. పొద్దున పనికి వెళ్లడం, బ్రేకులు విప్పడం, బిగించడం, సాయంత్రం ఇంటికి రావడం. గడ్డ మీద చెయ్యి వేయకూడదని ఒట్టు పెట్టుకునేవాణ్ని, పావుగంటకల్లా వేలు అక్కడే ఉండేది. ఇప్పుడది చింతగింజలా లేదు, కింద వేరు పట్టినట్టు గట్టిగా, కదపబోతే కదలకుండా ఉంది. పన్నెండో రోజు పొద్దున నీ కోడలు నా చొక్కాకి ఊడిన గుండీ కుడుతూ, తల ఎత్తకుండా అంది:

"ఆ ముప్పై మూడూ అంత ఓపిగ్గా చేయించుకోకుండా ఉండాల్సిందండీ. మధ్యలో మానేసినా బాగుండేది. బుద్ధిగా పూర్తిచేసినందుకే ఇప్పుడు దారి మూసుకుపోయింది."

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. "నీరసంగా ఉందా?" అని అడిగింది. అవునన్నాను.

అమ్మా, నేను ముప్పై మూడు చేయించుకోలేదు. ఇరవై నాలుగే చేయించుకున్నాను. చివరి తొమ్మిది ఎగ్గొట్టాను.

ఇది నీకు మొదటినుంచి చెప్పాలి. ఆ ఇరవై నాలుగు రోజులూ నువ్వు నాతో వచ్చి, ఆ పొడుగాటి వరండాలో బెంచీ మీద కూర్చుని స్వెట్టరు అల్లేదానివి. లోపల ఏం చేస్తారో నీకు నేను సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. తల కదలకుండా ఒక ముసుగు వేస్తారు. గట్టి ప్లాస్టిక్ వల. మొదటిరోజు వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరుస్తారు, చల్లారాక అది నీ ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది. ఆ తర్వాత ప్రతిరోజూ దాన్ని తల మీద నుంచి భుజాల దాకా వేసి, కింద బల్లకి బిగించేస్తారు. నోరు తెరవలేవు. గడ్డం కదపలేవు. అందరూ బయటికి వెళ్లిపోతారు, మందపాటి తలుపు మూసుకుంటుంది. చేతిలో ఒక రబ్బరు బంతి ఉంటుంది, నొక్కితే బయట గంట మోగుతుంది. కన్ను పొడుచుకున్నా కనపడని లిఫ్టు గుంటల్లో గంటలకొద్దీ పనిచేసినవాణ్ని, నాకు ఇదొక లెక్కా అనుకున్నాను. ఇరవై మూడు రోజులు లెక్కే కాలేదు కూడా.

ఇరవై నాలుగో రోజున మధ్యలో గొంతుకి కళ్లె అడ్డం పడింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. దగ్గుదామంటే దవడ కదలదు. అరవడానికి గొంతు అప్పటికే పోయింది. బంతి నొక్కాను. మిషను ఆగింది, ఆ మందపాటి తలుపు నెమ్మదిగా తెరుచుకోవడం మొదలుపెట్టింది. ఆ తలుపు తెరుచుకుని, వాళ్లు పరిగెత్తుకొచ్చి, ముసుగు విప్పేలోపు నేను చచ్చిపోయాననే అనుకున్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. అర నిమిషమేనని వాళ్లన్నారు.

నేను బయటికొస్తే నువ్వు సూదులు పక్కన పెట్టి, "ముఖం అలా పాలిపోయిందేంరా?" అన్నావు. ఏం లేదన్నాను. ఆ సాయంత్రమే నీ రైలు. అక్క ఆపరేషన్ మర్నాడు. సంగతి చెప్తే నువ్వు ఆగిపోతావు. చెప్పకపోతే వెళ్లిపోతావు. చెప్పలేదు, వెళ్లావు. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి తొమ్మిది వేళ్లు చూపించి, "ఇంక ఇన్నే!" అని అరిచావు. నీకు వినపడదని అందరికీ వినపడదనుకుంటావు కదా, ప్లాట్‌ఫారమంతా నావైపు తిరిగింది.

మర్నాడు వెళ్లాను. చొక్కా విప్పాను. బల్లనీ, దాని మీద నా ముఖం ఆకారంలో ఉన్న ఆ ముసుగునీ చూశాను. చొక్కా తొడుక్కుని వచ్చేశాను. ఆ తర్వాత వెళ్లనే లేదు. ఆసుపత్రినుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. వేరే చోట చేయించుకుంటున్నానని గుసగుసగా చెప్పి పెట్టేశాను. రోజూ పదింటికి ఇంటినుంచి బయల్దేరేవాణ్ని. పదకొండంతస్తుల ఆఫీసు భవనం ఒకటుంది, దాని డాబా మీద లిఫ్టు మోటారు గది. తాళంచెవి నా దగ్గరే ఉండేది. అక్కడ కూర్చుని, తాళ్లు చక్రం మీద తిరుగుతుంటే చూస్తూ, పన్నెండున్నరకి ఇంటికి వచ్చేవాణ్ని. తొమ్మిదో రోజున ‘పూర్తయింది’ అని నీకు కార్డు రాశాను. ఆ కార్డు నువ్వు దాచుకున్నావని అక్క చెప్పింది. చింపేయమ్మా.

పన్నెండో రోజు సంగతి కదా చెప్తున్నాను. నీ కోడలు షాపుకి వెళ్లాక నేను ఒక్కణ్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పేశాను కదా, ఇక బరువు దిగిపోతుందనుకున్నాను. ఆవిడ కలం కూడా తీయలేదు.

"చూడండి, కోప్పడకండి. దారి లేదని చెప్పాక చాలామంది తిరిగొస్తారు. కొందరు తక్కువ తీసుకున్నామంటారు, కొందరు అసలు తీసుకోలేదంటారు. బతకాలని ఉన్నప్పుడు లెక్కలు మారిపోతాయి. మొదటిరోజు మీరే తలూపారు. ఇప్పుడు ఏ మాట నమ్మమంటారు?"

నిజం చెప్పడానికి వెళ్లినవాణ్ని అబద్ధాలకోరులా నిలబడ్డాను. తప్పు ఆవిడది కాదు.

"ఇది తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

ఒక్క మనిషి ఉంది. నాకు రోజూ ఆ ముసుగు బిగించిన అమ్మాయి. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆసుపత్రి ఉన్న భవనంలో ఇప్పుడు కుర్చీలూ మంచాలూ అమ్ముతున్నారు, కానీ లిఫ్టు మాత్రం మా కంపెనీదే. ఇన్నేళ్లలో నేను సంపాదించుకున్నదేమైనా ఉంటే అది ప్రతి భవనం కాపలావాడితోనూ పరిచయం. అక్కడి కాపలా పెద్దాయన వాళ్లనూ వీళ్లనూ అడిగి, రెండు రోజుల్లో ఆచూకీ పట్టాడు. ఆ అమ్మాయి ఒక పళ్ల డాక్టరు దగ్గర ఎక్స్‌రేలు తీస్తోంది.

వెళ్లి నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టలేదు. ఫలానా అని చెప్పినా నుదురు చిట్లించింది. బెంచీ మీద స్వెట్టరు అల్లుకునే పెద్దావిడ కొడుకుని అన్నాను.

"అయ్యో, మీరా! అమ్మగారు ఎలా ఉన్నారు? నన్ను పిలిచి, ‘వాడికి చలి, కాళ్ల మీద దుప్పటి కప్పు తల్లీ’ అని రోజూ చెప్పేవారు," అంది. తర్వాత ముఖం మారింది. "ఇరవై నాలుగు. ఇరవై ఐదో రోజు మీరు చొక్కా విప్పి మళ్లీ తొడుక్కున్నారు. రెండుసార్లు ఫోన్ చేశాను. మీరు వస్తారేమోనని మీ మాస్కు చాలా రోజులు అలమారలోనే ఉంచాను. పారేయమన్నా పారేయలేదు. తిరిగొచ్చిందా?"

మెడ చూపించాను. ఆ అమ్మాయి అక్కడే కాగితం తీసుకుని, ఇరవై నాలుగు అని అంకెలోనూ అక్షరాల్లోనూ రాసి, సంతకం పెట్టి, తన ఫోన్ నంబరు వేసింది. నన్ను కాదు, నిన్ను గుర్తుపెట్టుకుందమ్మా. నీవల్లే నా మాట చెల్లింది.

డాక్టరమ్మ ఆ అమ్మాయితో మాట్లాడింది. నమ్మింది. ఫైల్లో ముప్పై మూడు కొట్టేసి ఇరవై నాలుగు వేసింది. "ఇలా అయితే కొంచెం చోటుంది. కొంచెమే. మీ భార్యని తీసుకురండి. ఆవిడకి తెలియకుండా నేను మొదలుపెట్టను," అంది.

ఇంటికొచ్చి నీ కోడలికి చెప్పాను. చెప్తున్నంతసేపూ తను నా ముఖమే చూస్తూ కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఆ తొమ్మిది రోజులూ నేను ఫ్లాస్కులో పోసిచ్చిన జావ ఎక్కడ కూర్చుని తాగారు?"

"మోటారు గదిలో."

"తాగారా?"

"సగం తాగాను. సగం పారబోశాను."

"గొంతు ఎండుతుందని జావ కాచి, నోటికి గరుకు తగలకూడదని మూడుసార్లు వడకట్టేదాన్ని," అంది. మళ్లీ తనే అంది. "వల గళ్లు ముఖం మీద అచ్చు పడేవి కదా మీకు. ఆ తొమ్మిది రోజులూ పడలేదు. నాకు గుర్తుంది. మెల్లగా బిగిస్తున్నారేమో, పోనీలే అనుకున్నాను. అద్దం మీద వెంట్రుకంత గీత ఉంటే పట్టుకోవడమే నా ఉద్యోగం. మీ ముఖం మీద గీత లేకపోతే పట్టుకోలేకపోయాను."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వండింది, పెట్టింది, పక్క వేసింది, మాట మాత్రం లేదు. మూడో రోజు చెప్పులేసుకుని, "పదండి," అంది.

డాక్టరమ్మ మా ఇద్దరి ముందూ బొమ్మ గీసింది. నాళాన్ని ఒక గొట్టంలా, గడ్డని దానికి అతుక్కున్న పిడచలా. గురి ఎంత సూటిగా ఉన్నా, గడ్డని కొట్టినప్పుడు దానికి ఆనుకున్న గోడకీ వేడి తగులుతుంది. ఆ గోడకి ఇదివరకే ఒకసారి తగిలింది. కొందరికి ఏమీ కాదు. కొందరికి వారాలకో నెలలకో ఆ గోడ పల్చబడి చిట్లుతుంది. చిట్లితే నిమిషాల మీద ఉంటుంది, ఎవరూ ఏమీ చేయలేరు. ఆవిడ ఇదంతా నెమ్మదిగా, మెత్తగా, ఒక్క మాట కూడా మింగకుండా చెప్పింది.

నాకు తెలిసిన భాషలో అడిగాను. "మా లిఫ్టులకి ఆరు తాళ్లుంటాయి డాక్టరమ్మా. ఒకటి తెగినా మిగతావి మోస్తాయి. దీనికి ఎన్ని?"

"అటువైపు ఇంకొకటి ఉంది. కానీ ఇది తెగితే అది మోసేదాకా ప్రాణం ఆగదు," అంది. "ఒకటే అనుకోండి."

"చేయించుకోకపోతే?"

"గడ్డ పెరిగి అదే గోడని తింటుంది. అప్పుడైనా జరిగేది అదే. ఎప్పుడన్నదే తేడా. చేయించుకుంటే గడ్డ చచ్చి, గోడ నిలబడే అవకాశం ఒకటుంది. ఎంతో చెప్పలేను. లేదని మాత్రం చెప్పను."

మొదటిసారే పూర్తి చేసుకుని ఉంటే ఇది తిరిగొచ్చేదా అని నీ కోడలు అడిగింది. నేను అడగలేకపోయిన ప్రశ్న అది. డాక్టరమ్మ కలం మూత పెట్టి, "ఎవరూ చెప్పలేరమ్మా," అంది. అంటూ నావైపు చూడలేదు. ఆ చూడకపోవడంలోనే నాకు జవాబు దొరికింది.

వారం రోజులు ఆలోచించుకోమంది. ఆలోచించాను. రాత్రి పూట కాదు, పగలే, బ్రేకులు తుడుస్తూ. రెండు దారుల చివరా ఉన్నది ఒకే తాడు. ఒక దారిలో నేను ఊరికే కూర్చుంటాను, రెండో దారిలో వెళ్లి ఆ బల్ల మీద పడుకుంటాను. ఊరికే కూర్చోవడం ఎలా ఉంటుందో తొమ్మిది రోజులు చూశాను. సంతకం పెట్టాను.

కొత్త ముసుగు తయారుచేసిన రోజు నా పరువు దక్కలేదు. వెచ్చటి తడి వల ముఖం మీద పడగానే రెండు చేతులతో లాగేశాను. అది వంకరపోయింది. వాళ్లేం అనలేదు, ఇంకోటి నానబెట్టారు. రెండోసారి కళ్లు మూసుకుని అంతస్తులు లెక్కపెట్టాను. ఒక్కో అంతస్తుకీ మూడు శ్వాసలు. నలభై ఒకటో అంతస్తులో ఉండగా విప్పారు. అంత ఎత్తు భవనం మన చుట్టుపక్కల ఎక్కడా లేదు.

నిన్న మంగళవారం మొదటి విడత అయింది. నీ కోడలు రానంది. "నేను రాను. బయట ఎవరో కూర్చున్నారని లోపల పడుకోవడం ఇక వద్దు," అంది. వరండాలో బెంచీలు ఖాళీగా ఉన్నాయి. లోపల అరగంట. గొంతులో కళ్లె వచ్చింది, మింగాను. బంతి నొక్కలేదు. ఇంటికొచ్చేసరికి తను షాపునుంచి మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను వెలుతురు వైపు తిప్పింది. అద్దాన్ని చూసినట్టే, తల అటూ ఇటూ వంచి, నా చెంపల మీద పడిన గళ్లని చూసింది. నుదుటి మీది ఒక గడిని వేలితో తడిమింది. తర్వాత లోపలికి వెళ్లి చాలాసేపు కుళాయి వదిలిపెట్టింది. నీళ్లు వాడుతున్న చప్పుడు మాత్రం రాలేదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. నువ్వేం తప్పు చేశావని.

ఏమీ చేయలేదమ్మా. ఆ మోటారు గదిలో కూర్చున్నప్పుడు, అమ్మ ఉండి ఉంటే వెళ్లేవాణ్ని అనుకున్నాను. అక్కణ్నుంచి మెల్లగా, అమ్మ వెళ్లిపోయింది కాబట్టే వెళ్లలేదు అనుకోవడం మొదలుపెట్టాను. మొదటిది నిజమేనేమో. రెండోది నేను అల్లుకున్నది. నాకు అదే సుఖంగా ఉండేది. నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆ నేరం నీ మీదే వేసి, నాలుగు ముక్కలు గీకి అంటించేవాణ్ని. అక్క కత్తి కింద ఉంటే నువ్వు వెళ్లక ఏం చేస్తావు? భయపడి పారిపోయింది నేను. రెండేళ్ల నాలుగు నెలలు ఆ పాపం నీకు తెలియకుండా నీ నెత్తిన పెట్టి తిరిగాను. విడతలు ఎగ్గొట్టినదానికి నా ఒళ్లు శిక్ష అనుభవిస్తోంది. దీనికి మాత్రం నువ్వే ఏదో ఒకటి అనాలి. తిట్టు. వచ్చే ఉత్తరం నిండా తిట్లే రాయి, వరసపెట్టి చదువుకుంటాను.

రావాలనిపిస్తే రా. రావద్దనను. కానీ ఆసుపత్రికి తీసుకెళ్లను, ఇంట్లోనే కూర్చోవాలి.

దాచకూడదనుకున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఇవాళ పొద్దున ఉమ్మిలో ఎర్రగా దారపు పోగంత కనపడింది. దాన్ని కడిగేయలేదు. నీ కోడల్ని పిలిచి చూపించాను. వెంటనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. లైటు వేసి, గొట్టం పెట్టి చూసింది. "ముసుగు బిగువుకి పాత పుండు ఒరుసుకుని ఉండొచ్చు," అంది. ఆగి, "ఉండొచ్చు అనే అంటున్నాను," అంది. రేపటి విడత మానాలా అంటే, మానితే లాభం లేదంది. తలకింద ఎత్తు పెట్టుకుని పడుకోమంది. నన్ను బయట కూర్చోమని నీ కోడలితో విడిగా ఏదో చెప్పింది.

వచ్చే దారిలో తను ఒక దుకాణంలోకి వెళ్లి రెండు తువ్వాళ్లు కొనుక్కొచ్చింది. మన ఇంట్లో ఎప్పుడూ తెల్లవే వాడతాం. ఇవి ముదురు రంగువి, దాదాపు నలుపు. పెద్దవి. ఏం పడినా రంగు కనపడదు. ఒకటి మడతపెట్టి మంచం పక్క కుర్చీ మీద పెట్టింది, రెండోది నేను రేపు తీసుకెళ్లే సంచిలో అడుగున సర్దింది. ఇవెందుకని నేను అడగలేదు. తనూ చెప్పలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, కిటికీ తలుపు వేయాలా వద్దా అని మాట్లాడుకున్నాం.

రేపు పదిన్నరకి రెండోది. వెళ్తాను.

ఇట్లు,
తొమ్మిది వేళ్ల లెక్క తప్పిన
నీ చిన్నోడు